జలుబేమీ లేదండీ

మత్తు ఇచ్చే డాక్టరు ఎవరికీ గుర్తుండదు. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్ గారికి దణ్ణం పెడతారు. పిల్లాడు కళ్లు తెరవడం కాస్త ఆలస్యమైతే మాత్రం "ఆ మత్తావిడ ఏదీ?" అని వెతుకుతారు. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డల మధ్య కారులో తిరుగుతూ ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని చేశాను, ఈ మధ్యే మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి ఏదైనా చెప్పమంటారు. మందుల సంగతి నాకంటే వాళ్లకే బాగా తెలుసు, కొత్త యంత్రాల సంగతి అసలు చెప్పక్కర్లేదు. వాళ్లకి ఇవ్వడానికి నా దగ్గర మిగిలింది అనుమానం ఒక్కటే.

మా ఆయన దీన్ని జబ్బు అంటాడు. గ్యాస్ కట్టేశానని ఆయన చెప్పినా నేను లేచి వెళ్లి చూసి వస్తాను. పాలు పల్చగా ఉంటే నీళ్లు కలిపారంటాను, చిక్కగా ఉంటే ఇవాళ ఇంకేం కలిపారో అంటాను. ఇది గొప్ప గుణమని నేను అనను. ఇంట్లోవాళ్లని చాలా విసిగించాను. కానీ పిల్లలకి మత్తిచ్చే మనిషికి ఈ గుణం లేకపోతే ఎవరో ఒకరి పిల్లాడికి ముప్పు.

ఎందుకో చెబుతాను. పెద్దవాళ్లకి మత్తులో ఊపిరి ఆగితే సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. పిల్లలకి అది ఉండదు, వాళ్ల ఒంట్లో దాచుకున్న గాలి ఇట్టే అయిపోతుంది. గాలిగొట్టం సన్నం, నాలుక పెద్దది, మెడ పొట్టిది. దానికి తోడు జలుబు చేసిందంటే ఆ గొంతు ఉలిక్కిపడే మనిషిలా తయారవుతుంది. ఒక చుక్క ఉమ్ము తగిలినా బిగుసుకుపోతుంది. జలుబు తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు మర్చిపోయిన తర్వాత కూడా గొంతు కొన్ని వారాల పాటు మర్చిపోదు.

ముగ్గుర్ని అడగమన్న మా పెద్దాయన

నాకు పని నేర్పిన ప్రొఫెసరు గారికి ఒక పద్ధతి ఉండేది. పిల్లాడు ఏమైనా తిన్నాడా, జలుబు చేసిందా అనే రెండు ప్రశ్నలనీ ముగ్గుర్ని విడివిడిగా అడగాలి. ముందు తల్లిని, తర్వాత అమ్మమ్మనో నాయనమ్మనో, చివరికి పిల్లాణ్ణి. "తల్లి భయంతో అబద్ధం చెబుతుందమ్మా, ముసలావిడ ప్రేమతో చెబుతుంది. పిల్లాడికి ఇంకా నేర్పలేదు" అనేవారు.

అది ఎంత నిజమో గుడివాడలో ఒకసారి చూశాను. చేపల చెరువులున్న బాగా కలిగిన కుటుంబం. తండ్రి చదువుకున్నవాడు, పెద్ద కారులో దిగాడు. చెప్పినట్టే రాత్రి నుంచి పిల్లాడికి ఏమీ పెట్టలేదండీ అన్నాడు. తల్లీ అదే మాట, తాతగారూ అదే మాట. అప్పుడు నేను పిల్లాడి ముందు కూర్చుని, ఆకలేస్తోందా నాన్నా అని అడిగాను. వాడు లేదన్నాడు. ఎందుకు లేదంటే, కారులో తాతయ్య ఇడ్లీ పెట్టాడట, చట్నీ కారంగా ఉందట. తండ్రి తాతగారి వైపు తిరిగాడు, తాతగారు గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగారు. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, అప్పుడు పిల్లాణ్ణి దక్కించుకోవడం కష్టం. అంత పెద్దమనిషి మనవడు ఆకలికి ఓర్చుకోలేడన్న ఒక్క జాలితో ఆ పని చేశాడు. డబ్బున్నవాళ్లు నిజం చెబుతారని, లేనివాళ్లు దాస్తారని నాకున్న భ్రమ ఆ రోజుతో పోయింది.

మా పెద్దాయన చెప్పిన ఇంకో మాట. వేలికి తగిలించిన క్లిప్పు, అదే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కూతపెట్టి చెప్పే యంత్రం, అది చెప్పేదంతా పాత కబురేనట. ఊపిరి ఆగిన కాసేపటికి గానీ దాని కూత మారదు. ఛాతీ మీద చెయ్యి వేసి, ముక్కు దగ్గర చెవి పెట్టి వినమనేవారు. నేను చివరిదాకా అలాగే చేశాను.

ఆయనలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. అబద్ధం దొరికితే ఆస్పత్రి ఎగిరిపోయేలా అరిచేవారు. ఆ అరుపులు విని పక్క మంచాలవాళ్లు జాగ్రత్తగా అబద్ధమాడటం నేర్చుకునేవారు. అది నాకు కనిపిస్తూనే ఉండేది, ఆయనకి చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

వేట నిషేధం నెలలు

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి పడవలన్నీ ఒడ్డుకి చేరతాయి. మంగినపూడి వైపు ఊళ్లలో మగవాళ్లు వరసగా ఇంటిపట్టున ఉండేది ఆ రెండు నెలలే. వలలు బాగుచేసుకోవడం, ఇంటికి కప్పు వేసుకోవడం, పెళ్లిళ్లు, పిల్లల ఆపరేషన్లు అన్నీ అప్పుడే పెట్టుకుంటారు. తండ్రి పక్కన లేకుండా పిల్లాణ్ణి ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి ఆ ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు.

నాకు ఆ నెలలంటే గుబులు. జలుబు చేసింది, తగ్గాక రండి అంటే వేరే ఇళ్లలో కొన్ని వారాల మాట. వీళ్లకి ఒక్కోసారి అది ఏడాది మాట, ఎందుకంటే ఈలోగా వేట తెరిచేస్తారు. అందుకని జలుబు చేసిన పిల్లాణ్ణి జలుబు లేని పిల్లాడిలా తయారుచేసి తెచ్చేవారు. తెల్లవారుజామునే ఆవిరి పట్టి, ముక్కు శుభ్రం చేసి, మొహానికి పౌడర్ అద్ది, దగ్గు రాకుండా మందుల షాపులో దొరికే సిరప్ తాగించేవారు. ఆ సిరప్‌లో నిద్ర వచ్చే మందు ఉంటుంది. దాని మీద నేను ఇచ్చే మత్తు కలిస్తే పిల్లాడి ఊపిరి ఏమవుతుందో వాళ్లకి తెలియదు. తెలిస్తే ఏ తల్లీ ఆ పని చెయ్యదు.

జశ్వంత్ అనే నాలుగేళ్ల పిల్లాడు నాకు అలాగే పరిచయమయ్యాడు. గజ్జల్లో హెర్నియా. బందరులో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్. తండ్రి నాంచారయ్య సముద్రం మీదికి వెళ్లే మనిషి, నాయనమ్మ వీరమ్మ చేపలమ్మే మనిషి. తల్లి చంటిబిడ్డతో ఇంటి దగ్గర ఉండిపోయింది. నేను గదిలోకి అడుగు పెట్టానో లేదో వీరమ్మ లేచి నిలబడింది.

"జలుబేమీ లేదండీ డాక్టరమ్మా" అంది.

నేను ఇంకా ఏమీ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు వస్తే నాకు ఉండబట్టదు. పిల్లాడి దగ్గర కూర్చున్నాను. ఆపరేషన్ గౌను తొడిగిన నాలుగేళ్లవాడు నన్ను చూసి ఏడవాలి. వీడు ఆవలించాడు. ఎత్తుకుని మెడ దగ్గర వాసన చూశాను. పైన పౌడర్ వాసన, దాని కింద యూకలిప్టస్ తైలం. వీపు మీద స్టెత్ పెడితే లోపల హుక్కా పీల్చినట్టు గురగుర.

వాయిదా వేశాను. సర్జన్ గారికి కోపం వచ్చింది. ముక్కు కారిన ప్రతి పిల్లాణ్ణీ తిప్పి పంపిస్తే ఈ ఊళ్లో మనం ఆస్పత్రులు మూసుకోవాలి మేడం అన్నారు. ఈ మాట అనని సర్జన్‌ని నేను ఇంతవరకూ చూడలేదు, కాబట్టి పట్టించుకోలేదు. నాంచారయ్య మాత్రం గట్టిగా ఏమీ అనలేదు. వేట తెరిచాక తను ఒడ్డున ఉండనని, ఒక్కసారి ఆలోచించమని రెండుసార్లు అడిగాడు. తగ్గాక తీసుకురండి, తెరిచేలోపు చేసేద్దాం అన్నాను. ఆ మాట అతను నమ్మలేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. వీరమ్మ వెళ్లేటప్పుడు నా కళ్లలోకి కాదు, నా ముక్కు వైపు చూసింది. ఇదేం ముక్కు తల్లీ అన్నట్టుంది ఆ చూపు.

ఆస్పత్రి మారింది

ఆ తర్వాత వేట తెరవడానికి ఇంకా కొద్దిరోజులున్నాయనగా గుడివాడ నుంచి ఒక సర్జన్ ఫోన్ చేశారు. చిన్న హెర్నియా కేసు, పిల్లాడు ఆరోగ్యంగా ఉన్నాడు, పొద్దున్నే వచ్చి వెళ్లండి అన్నారు. ఆరోగ్యంగా ఉన్నాడు అని సర్జన్ చెబితే నేను నమ్మను, ఆయన చూసేది పొట్ట కింది భాగమే. సరే వెళ్లాను.

థియేటర్ బయట బల్ల మీద వీరమ్మ ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు మొహం మీదికి లాక్కుంది. పక్కనున్న నాంచారయ్య లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. మధ్యలో జశ్వంత్ రబ్బరు బంతి పట్టుకుని నన్ను చూసి నవ్వుతున్నాడు.

ఆస్పత్రి మారిస్తే డాక్టర్లందరూ మారతారని వాళ్లు లెక్క వేసుకున్నారు. అందుకే బందరు వదిలేసి, ముఖపరిచయం లేని గుడివాడ దాకా వచ్చారు. సర్జన్ మారాడు, నర్సులు మారారు, గోడల రంగు మారింది. పిల్లలకి మత్తిచ్చేవాళ్లం ఈ చుట్టుపక్కల అతి కొద్దిమందిమని, ఏ ఊళ్లో పిలిచినా ఆ కొద్దిమందిమే వెళ్తామని వాళ్లకి ఎవరు చెబుతారు? నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

జలుబు చేసి అప్పటికి గట్టిగా రెండు వారాలు కాలేదు, తిప్పి పంపిద్దామనే లోపలికి వెళ్లాను. అప్పుడు సర్జన్ ఫోన్‌లో చెప్పని అసలు సంగతి చెప్పారు. రెండు రోజుల కిందట ఆ హెర్నియాలో పేగు ఇరుక్కుపోయిందట. పిల్లాడు వాంతులు చేసుకుంటూ ఏడుస్తుంటే బందరు దాటి ఇక్కడికి తెచ్చారట, ఆయన చాలాసేపు కష్టపడి లోపలికి నెట్టారట. మళ్లీ ఇరుక్కుంటే, ఊళ్లో ఎవరూ గమనించకపోతే, పేగు చచ్చిపోతుంది. సర్జన్లు తొందరపడి చెప్పే ఏ మాటనైనా నేను అనుమానిస్తాను గనక వెళ్లి స్వయంగా చూశాను. గజ్జ దగ్గర ఇంకా వాపు ఉంది, ముట్టుకుంటే పిల్లాడు ముడుచుకుంటున్నాడు. ఆయన చెప్పింది నిజమే.

ఆపితే పేగుకి ముప్పు, ఆపకపోతే ఊపిరికి ముప్పు. ఛాతీ విన్నాను, ఈసారి గురగుర లేదు. జ్వరం లేదు. చేద్దామని నిర్ణయించుకున్నాను. కానీ ఆ గొంతు ఎంత ఉలికిపాటు మీద ఉందో చెప్పగలిగినవాళ్లు ఇంట్లోవాళ్లే, వాళ్లేమో నాతో నిజం చెప్పడం మానేశారు.

నాంచారయ్యని వరండా చివరికి తీసుకెళ్లాను. మా పెద్దాయన అయితే అక్కడ అరిచేవారు. నేను మెల్లగానే మాట్లాడాను.

"ఇవాళ నేను వాయిదా వెయ్యను నాంచారయ్యా. వెయ్యనని ముందే చెబుతున్నాను. ఇప్పుడు నువ్వు ఏం చెప్పినా ఆపరేషన్ ఆగదు. జలుబు ఎంతవరకు తగ్గింది?"

అతను వెనక్కి తిరిగి, తల్లి బల్ల మీదే ఉందో లేదో చూసుకున్నాడు.

"తగ్గిందండీ. కానీ రాత్రి దగ్గాడు. పొడి దగ్గు. ఇంటికాడ చంటిదానికి ఇంకా ముక్కు కారతానే ఉంది" అన్నాడు. తర్వాత తనే అన్నాడు: "మందు మాత్రం పొయ్యలేదండీ. అమ్మ పోస్తానంటే నేనే వద్దన్నా. మీరొస్తారని తెలిసి కాదు, నాకే భయమేసింది."

ఆ భయమేసింది అన్న మాటతో నా కోపం పోయింది. ఆ మనిషి ఇంట్లో ఒక్కడే ఈ సంగతంతా మోస్తున్నాడు. వల వేయడం తెలిసిన మనిషికి ఈ ఆస్పత్రి లెక్కలు ఎవరూ విడమరచి చెప్పలేదు. ఎవరు ఏం అడిగినా, వద్దంటారేమోనన్న బెదురుతోనే జవాబు చెబుతున్నాడు.

లోపలికి వెళ్లి సిలిండర్లు నేనే తిప్పి చూసుకున్నాను. నోట్లో ఊరే ఉమ్ముని లాగే మిషన్ పనిచేస్తోందని చెప్పారు. నేను గ్లాసులో నీళ్లు తెప్పించి లాగించి చూశాను. గొంతు బిగుసుకుపోతే కండరాలని సడలించే ఇంజెక్షన్‌ని సిరంజిలోకి ఎక్కించి, పేరు రాసి, నా చేతికి అందేచోట పెట్టుకున్నాను. మామూలు రోజుల్లో అది సీసాలోనే, ఎక్కువలో ఎక్కువ ట్రేలోనే ఉంటుంది.

చప్పుడు లేని ఏడుపు

ఆపరేషన్ నల్లేరు మీద బండి నడకలా సాగింది. పిల్లలకి మత్తివ్వడంలో కష్టమంతా ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూనే. మధ్యలో అందరికీ ధీమా వస్తుంది. సర్జన్ గారు చేతి తొడుగులు తీసేసి, పక్కన నిలబడి ఏదో పెళ్లి కబురు చెబుతున్నారు. జశ్వంత్ కదిలాడు, మొహం చిట్లించాడు, ఏడవడానికి నోరు పెద్దగా తెరిచాడు.

"లేచాడు మేడం, ఇంకేం, ఏడుస్తున్నాడు" అన్నారు ఆయన.

ఏడుపు కనిపిస్తోంది, వినిపించడం లేదు. ఛాతీ లోపలికి పీక్కుపోతోంది, పొట్ట పైకి లేస్తోంది, ముక్కు దగ్గర పెట్టిన నా చెంపకి గాలి తగలడం లేదు. వేలికున్న యంత్రం మాత్రం హుషారుగా కూస్తూనే ఉంది. అది చెప్పేది పాత కబురని నాకు తెలుసు. గొంతు తలుపులు మూసుకుపోయాయి.

మాస్కు మొహానికి అదిమి పట్టాను. చెవి తమ్మెల వెనక దవడ ఎముకని రెండు వేళ్లతో గట్టిగా నొక్కుతూ ముందుకి లాగాను. చాలాసార్లు దాంతో వదిలేస్తుంది. ఈసారి వదల్లేదు. మాస్కుకి తగిలించిన గాలి సంచీ నొక్కితే రాయిని నొక్కినట్టుంది. కూత స్వరం దిగడం మొదలుపెట్టింది, పెళ్లి కబురు ఆగిపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నేను చెయ్యి చాచాను, సిరంజి అక్కడే ఉంది.

మందు వెళ్లిన తర్వాత గడిచిన ఆ కాస్సేపటి గురించి ఎవరు ఎంత రాసినా మీకు అర్థం కాదు, మీ చేతుల్లోకి వచ్చినప్పుడే తెలుస్తుంది. తర్వాత సంచీ మెత్తబడింది. ఛాతీ పొంగింది. మందు ప్రభావం పోయేదాకా వాడి బదులు నేను ఊపిరి పోశాను. కూత మెల్లగా పైకెక్కింది. చివరికి వాడు మళ్లీ నోరు తెరిచి, ఈసారి వరండా దాకా వినపడేలా ఏడ్చాడు. నాకు కళ్లంట నీళ్లొచ్చాయి. అంతకంటే మంచి సంగీతం నేను వినలేదు.

కుర్ర డాక్టర్లకి ఒక్క మాట. ఆ సిరంజి నా తెలివితేటల వల్ల అక్కడ లేదు. వాయిదా వెయ్యనని ముందు మాటిచ్చి, తర్వాత ప్రశ్న అడిగాను కాబట్టి నాంచారయ్య రాత్రి దగ్గాడని చెప్పాడు. నిజం చెబితే శిక్ష పడుతుందని భయపెట్టి, తర్వాత నిజం చెప్పలేదని తిట్టడం మన ఆస్పత్రుల్లో మామూలైపోయింది.

వీరమ్మ సంచి

మా పనిలో ఇంకో చెడ్డ అలవాటు ఉంది. ఒక ఊళ్లో పిల్లాణ్ణి లేపామో లేదో ఇంకో ఊరికి బయల్దేరడం. చేతిలో కారు తాళాలు పట్టుకుని పిల్లాణ్ణి చూసే డాక్టరుకి వాడు ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తాడు. ఆ రోజు నాకోసం అవనిగడ్డలో ఒక కేసు కాచుకుని ఉంది. అక్కడి సర్జన్ అప్పటికే ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

వెళ్లే ముందు వార్డులోకి తొంగిచూశాను. జశ్వంత్ నిద్రపోతున్నాడు. నర్సు సంతోషంగా, హాయిగా పడుకున్నాడు మేడం, అసలు ఏడవడం లేదు అంది. ఏడవని పిల్లాణ్ణి నేను నమ్మను. దగ్గరికి వెళ్లాను. గొంతు కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది, సన్నగా గురక. వాడి వేలికి నేను తగిలించి వెళ్లిన యంత్రంలో అంకె ఉండాల్సిన దానికంటే తక్కువుంది.

నా బుర్ర నేరుగా సిరప్ మీదికి వెళ్లింది. కొడుకు వద్దన్నాడు, కానీ కొడుకు బయట టీ తాగుతున్నాడు, పిల్లాడు ఏడ్చి ఉంటాడు, ముసలావిడ ఒక చెంచా పోసి ఉంటుంది. సంచి చూపించమ్మా అన్నాను. వీరమ్మ అర్థం కానట్టు చూసింది. నేను ఆగలేదు, సంచి అందుకుని మంచం మీద బోర్లించాను. తువ్వాలు, ఒక జత బట్టలు, దువ్వెన, రెండు అరటిపళ్లు, తమలపాకుల పొట్లం, రబ్బరు బంతి. సీసా లేదు.

అప్పుడు పిల్లాణ్ణి సరిగ్గా చూశాను. తల కింద నాలుగు మడతలు వేసిన చీర ఉంది. దాంతో తల ఎత్తయి, గడ్డం ఛాతీకి ఆనుకుని, మెడ మడతపడింది. మత్తు పూర్తిగా దిగని పిల్లాడికి అంత చాలు, నాలుక వెనక్కి జారి దారి మూస్తుంది. చీర లాగేసి, పిల్లాణ్ణి పక్కకి తిప్పి, గడ్డం కాస్త పైకెత్తాను. గురక పోయింది, గుంట పోయింది, అంకె పైకెక్కింది.

వీరమ్మ మంచం మీద పడిన వస్తువులు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటోంది. "తలకింద ఎత్తు లేపోతే ఆడికి నిద్దర పట్టదండీ. అందుకని పెట్టా" అంది. బంతి తుడిచి లోపల పెట్టుకుని, "అడిగితే చెప్పేదాన్ని కదా డాక్టరమ్మా" అంది.

నేను సిగ్గుపడ్డాను. ఏదో తేడా ఉందని అనుమానించడం సరైనదే. కానీ ఆ అనుమానం మొదట పిల్లాడి మెడ మీదికి వెళ్లాల్సింది, ముసలావిడ సంచి మీదికి వెళ్లింది. క్షమించమని నోటితో అనలేదు. అక్కడే కూర్చుండిపోయాను. అవనిగడ్డకి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. అక్కడి సర్జన్ ఆ తర్వాత చాలాకాలం నాతో ముక్తసరిగానే మాట్లాడారు. జశ్వంత్ కళ్లు తెరిచి, నా బంతేదీ అని అడిగాక లేచి కారెక్కాను. వేట తెరిచిన రోజున నాంచారయ్య సముద్రం మీదికి వెళ్లాడని తర్వాత తెలిసింది.

మళ్లీ వేట నిషేధం

మరుసటి ఏడాది వాళ్లు మళ్లీ వచ్చారు. పిల్లల్లో ఒక్కోసారి రెండోవైపు కూడా హెర్నియా వస్తుంది, జశ్వంత్‌కి వచ్చింది. ఈసారి గుడివాడ వెళ్లలేదు. బందరులోనే, మత్తుకి ఆ వాసన చూసే డాక్టరమ్మే రావాలని అడిగారట. సర్జన్ నవ్వుతూ చెబితే నాకు ఎంత గర్వంగా అనిపించిందో దాచను. అప్పటికి పని మానేద్దామనే ఆలోచనలో ఉన్నాను.

ఆ రోజు పొద్దున వెళ్లి వరస ప్రకారం అడిగాను. నాంచారయ్య, "లేదండీ, ఈసారి నిజంగానే లేదు" అన్నాడు. వీరమ్మ తల ఊపింది. జశ్వంత్‌ని అడిగితే నాకు లేదు, చెల్లికి కూడా లేదు అన్నాడు. ఛాతీ విన్నాను, అద్దంలా ఉంది. మెడ దగ్గర వాసన చూశాను, ఏ వాసనా తగల్లేదు. ఈసారి పేగు ఎక్కడా ఇరుక్కోలేదు, తొందరా లేదు. అంతా బాగుంది.

ఒక్కటి తప్ప. నాకు జలుబు చేసింది. నాలుగు రోజులుగా వదలడం లేదు. ఆపరేషన్ పెట్టుకున్నాక నా వల్ల ఆగిందంటే సర్జన్ ఏమనుకుంటారోనని, ఇన్నేళ్లూ అందరికీ వాయిదాలు వేసిన దాన్ని ఇప్పుడు నేనే అడ్డం పడ్డానంటారని, మాత్ర వేసుకుని, ఆవిరి పట్టుకుని, రుమాలు మీద నాలుగు చుక్కల తైలం వేసుకుని, దాని మీద మాస్కు బిగించుకుని వచ్చాను. మాస్కు ఉందిగా, ఏమీ కాదులే అనుకున్నాను. ఆపరేషన్ అయిన పిల్లాడికి నా జలుబు అంటుకుంటే ఆ గొంతు ఏమవుతుందో ఊరందరికీ చెప్పే మనిషిని, అలా అనుకున్నాను.

నేను పిల్లాడి మీద నుంచి లేస్తుంటే వీరమ్మ నా పక్కకి వచ్చి నిలబడింది. చేపలు తాజావో కావో వాసన చూసి చెప్పే మనిషి. మెల్లగా ఊపిరి పీల్చింది.

"డాక్టరమ్మా, మీకేమన్నా జలుబు చేసిందా?"

"అబ్బే, జలుబేమీ లేదమ్మా" అన్నాను. ఆలోచించే లోపే వచ్చేసింది ఆ మాట. గొంతు కూడా తడబడలేదు.

వీరమ్మ నా సంచి అడగలేదు, రుమాలు చూపించమనలేదు. కొడుకు వైపు చూసి, "యూకలిప్టస్ వాసనొస్తంది" అంది.

నాంచారయ్య నన్ను చూశాడు, తర్వాత బంతి ఆడుకుంటున్న కొడుకుని చూశాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. అతను దగ్గరికొచ్చి, నన్ను నొప్పించకుండా, చాలా మర్యాదగా అన్నాడు:

"వేట తెరవడానికి ఇంకా నెల పైనే ఉందండీ. మీకు తగ్గనివ్వండి. వాయిదా వేద్దాం."

వాళ్లు పిల్లాణ్ణి తీసుకుని మెట్లు దిగేదాకా ఆగాను. తర్వాత మాస్కు తీసి, తనివితీరా ముక్కు చీదుకున్నాను.